చిన్నవ్వ వీధికి వచ్చిన బెయిలు

మొన్న ఫోన్లో మీరు అడిగారు, "అవ్వా, చిన్నవ్వను కొట్టినవాడు బయటే తిరుగుతున్నాడంట కదా? వాణ్ని ఎట్లా వదిలేశారు? దెబ్బ తిన్నవాళ్ల గోడు ఎవరికీ పట్టదా?" అని. అడుగుతుంటే మీ గొంతుల్లో కోపం వినబడింది. మా చెల్లెలి మీద మీకు అంత ప్రేమ ఉన్నందుకు సంతోషపడ్డాను గానీ, జవాబు మాత్రం సరిగా చెప్పలేకపోయాను. అది ఒక్క ముక్కలో తేలేది కాదు. కొంచెం ఓపిగ్గా వినండి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మీ చిన్నవ్వ ఇల్లు ధర్మవరంలో మగ్గాల వీధిలో ఉందని మీకు తెలుసు. మేమిద్దరం పుట్టింది యాడికి అనే ఊరి పక్కన, చేను తప్ప వేరే బతుకు తెలియని ఇంట్లో. దాన్ని ఇచ్చిన వాళ్లదీ సేద్యమే. బోర్లు ఎండిపోయాక వాళ్లు ధర్మవరం వచ్చి మగ్గంలో దిగారు. పెళ్లయి వచ్చాక నేర్చుకున్న పని అయినా, దాని చేతిలో పట్టుచీర అంచు ఎక్కడా వంకర పోదు. మీ చిన్నతాత పోయాక కూడా మగ్గం ఆపలేదు. కొడుకు, అదే మీ చిన్నాయన, లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. అందుకని ఎక్కువ రోజులు ఇంట్లో అది ఒక్కతే.

వాళ్ల ఎదురింట్లో ఒకతను ఉండేవాడు. పట్టునూలుకు రంగులు వేసే పని. ఇంట్లో భార్య, మంచాన పడిన తల్లి. మీ చిన్నవ్వను "చిన్నమ్మా" అని పిలిచేవాడు. అది నేసే చీరలకు చాలాసార్లు నూలు రంగు వేసింది కూడా అతనే. చెడ్డవాడని ఆ వీధిలో ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ ఎండాకాలం వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చినప్పుడు బిందెల వరస వీధి మలుపు దాకా ఉండేది. రంగు పనికి నీళ్లు కావాలి కదా, ఇతను పైపుకు మోటారు తగిలించి లాగుతుండేవాడు. మోటారు వేస్తే వెనకాల వాళ్లకు చుక్క రాదు. అందరూ లోపల లోపల గొణుక్కునేవాళ్లే గానీ ముందుకొచ్చి అడిగేవాళ్లు లేరు. ఒక పొద్దున మీ చిన్నవ్వ పోయి మోటారు పైపు పీకేసింది.

"ఏమప్పా, నీ ఒక్కనికేనా గొంతు తడిసేది? మాకు లేదా?" అంది.

"ముట్టొద్దు చిన్నమ్మా. నూలు తొట్లో ఉండాది. ఇప్పుడు నీళ్లు పడకుంటే మొత్తం మచ్చలైపోతాది," అన్నాడు.

"నీ నూలుకేనా నీళ్లు? మా కూటికొద్దా?"

అతను మళ్లీ పైపు తగిలించడం, ఇది మళ్లీ పీకడం. నూలు పాడైపోతుందన్న కంగారో, పదిమంది ముందర ఆడమనిషి పైపు పీకిందన్న రోషమో, అక్కడ పడి ఉన్న ఇనప పైపు ముక్క తీసి కొట్టాడు. ఒక దెబ్బ తల మీద. రెండో దెబ్బకు ఇది చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది. అదీ కుడి చెయ్యి.

నేను రాప్తాడులో మా ఇంట్లో ఉన్నాను. కబురు విని అనంతపురం పెద్దాసుపత్రికి పరుగెత్తాను. తల నిండా కట్టు, చేతికి పిండికట్టు. కళ్లు తెరిచి నన్ను చూసి అది అన్న మొదటి మాట, "అక్కా, మగ్గం మీద చీర సగంలో ఉండాది." దాని ప్రాణం ఎక్కడ ఉందో నాకు అప్పుడు తెలిసింది.

పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. హత్యాయత్నం కేసు పెట్టి జైలుకు పంపారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను మీ చిన్నవ్వ ఇంట్లోనే ఉండిపోయాను. పగలు బాగానే ఉండేది. చీకటి పడితే మాత్రం తలుపు గడియ వేసిందా లేదా అని లేచి లేచి చూసేది. వీధిలో బిందె కింద పెట్టిన చప్పుడైనా ఉలిక్కిపడేది. ఒంటరిగా ఒక్క రాత్రి కూడా పడుకోలేకపోయింది. చెయ్యి అతుక్కుంటుందని డాక్టరు చెప్పాడు, ఈ భయం ఎప్పటికి పోతుందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

కొన్ని వారాల తర్వాత ఒక మహిళా కానిస్టేబులు ఇంటికి వచ్చింది. ఎదురింటతను అనంతపురం పెద్ద కోర్టులో బెయిలుకు అర్జీ పెట్టుకున్నాడని, దెబ్బలు తిన్న మనిషికి కూడా అక్కడ చెప్పుకునే హక్కు ఉందని, ఇష్టమైతే వచ్చి మాట్లాడవచ్చని చెప్పింది.

"నేను చెప్తే వింటారా మేడం?" అంది మీ చిన్నవ్వ.

"వింటారు. మీరు చెప్పిందే చేస్తారని కాదు. వింటారు," అంది ఆమె. ఆ పిల్ల నిజం చెప్పింది, లేనిపోని ఆశ పెట్టలేదు.

ఆ కబురు వీధంతా పాకింది. ఇక వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. వీధిలో పెద్దమనిషిగా తిరిగే ఒకాయన అరుగు మీద కూర్చుని పంచాయితీ మొదలుపెట్టాడు.

"ఒకే వీధోళ్లం. వాడు తప్పు చేసినాడు, కాదనలేదు. వాన్ని జైల్లో పెట్టి ఏం చేసుకుంటావమ్మా, ఉప్పేసి ఊరగాయ పెట్టుకుంటావా?"

మీ చిన్నవ్వ పిండికట్టు చెయ్యి చూపించింది. "నీ తల ఒకసారి ఈడికి ఇయ్యన్నా. ఒక్క దెబ్బ కొట్టి, మనం ఒకే వీధోళ్లం అంటా."

ఆయన లేచి పోయాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను.

మీ చిన్నాయన లారీ దిగి వచ్చి ఇంకో పక్క నుంచి ఎగిరాడు. "వాడు జన్మలో బయటికి రాగూడదు. నువ్వు పోయి గట్టిగా చెప్పల్ల అమ్మా. బెయిలంటే ఏంది? కేసు కొట్టేసినట్టే గదా!"

వాడొక్కడే కాదు, ఆ వీధిలో అందరూ అట్లాగే అనుకునేవాళ్లు. బెయిలు వచ్చిందంటే కేసు పోయింది, మనిషి గెలిచాడు, అంతే లెక్క. మీరు ఇంత చదువుకున్నారు, మీ కోపంలో కూడా కొంచెం ఆ లెక్కే ఉందనిపించింది నాకు.

అతని భార్య కూడా వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. చేతులు రెండూ ఒకదాంట్లో ఒకటి బిగించుకుని బయటే నిలబడింది.

"అత్తా, నిన్ను మొగం ఎత్తి చూసేదానికి కూడా నాకు సిగ్గయితాది. ఆయన చేసింది తప్పే. కానీ మా అత్తను చూడు. పక్కకు తిప్పల్లన్నా మనిషి కావల్ల. ఆమెను చూసుకుంటా నేను కూలికి యాడికి పోవల్ల? మాకు వేరే ఎవురున్నారు?"

మీ చిన్నవ్వ ఆమెను కసురుకోలేదు. "నీ మీద నాకేం కోపం ల్యాదు పాపా. వాడు బయటికొచ్చి ఆ ఎదురుగా నిలబడుకుంటే నేను యాడుండల్ల? అది చెప్పు."

ఆమె బిగించిన చేతులు విడదీసి, వెనక్కి తిరిగి వాళ్లింటికి పోయింది.

ఆ సాయంత్రం పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని అది ఉన్నట్టుండి మా నాయన మాట ఎత్తింది. మా చిన్నతనంలో నాయన మీద గొర్రెల దొంగతనం కేసు పెట్టారు. జామీను నిలబడడానికి ఊళ్లో ఒక్కరు ముందుకు రాలేదు. నాయన జైల్లో ఉండగానే చేన్లో బుడ్డలు, మీరు వేరుశనక్కాయలు అంటారే అవి, పీకేవాళ్లు లేక నేల గట్టిపడి అక్కడే పోయాయి. తర్వాత గొర్రెలు వేరే ఊళ్లో దొరికాయి, నాయనకు సంబంధం లేదని తేలింది. అంతా తేలాక ఇంటికి వచ్చాడు, వచ్చి ఆ ఎండిన చేన్లో నిలబడ్డాడు. అమ్మ మమ్మల్ని చెరొక చేత్తో పట్టుకుని గట్టు మీదే ఉంది.

"నాయన చేయలేదు అక్కా. వీడు చేసినాడు. నేను కండ్లారా చూసినా," అంది. మళ్లీ అదే, "అయినా జడ్జికి అది ఇంగా తెలీదు గదా. నాయన విషయంలో గూడా ఎవురో కండ్లారా చూసినామనే చెప్పింటారు," అంది.

ఆ మాటకు నేను దాని మొహంలోకి చూశాను. తల మీద కుట్ల మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

కోర్టు రోజు ఇద్దరం బస్సులో అనంతపురం పోయాం. వరండాలో సర్కారు తరఫు వకీలు మా దగ్గరికి వచ్చాడు. మంచి మనిషే, కానీ చేతినిండా పనితో ఉన్నాడు.

"బెయిలుకు మీకు అభ్యంతరం ఉందామ్మా, లేదా? ఒక్క మాట చెప్పండి చాలు."

"ఉందంటే ఏమైతాది సార్?"

"ఇవ్వొద్దని గట్టిగా వాదిస్తాను."

"ల్యాదంటే?"

"బాధితురాలికి అభ్యంతరం లేదంట అని చెబుతాను."

మీ చిన్నవ్వ నా వైపు చూసింది. దాని ఇబ్బంది నాకు అర్థమైంది. ఉందంటే, కూలికి పోలేక ముసలామె పక్కన కూర్చున్న ఆ పిల్ల కళ్లముందు కనబడుతోంది. లేదంటే, రాజీ పడిపోయిందని వీధి అంతా చాటింపు వేస్తారు, రేపు సాక్ష్యం చెప్పేటప్పుడు "ఆ రోజు నీకేం అభ్యంతరం లేదన్నావు కదా" అంటారు. అడిగినవాళ్లకు ఒక్క మాట చాలు, దీనికి ఆ ఒక్క మాటలో చోటు లేదు.

"రెండూ కాదు సార్. నన్నే చెప్పనీయండి," అంది.

లోపల జడ్జి ఆడమనిషి. ముందు అతని తరఫు వకీలు లేచాడు. నేరం ఇంకా రుజువు కాలేదని, విచారణ ఎప్పటికి ముగుస్తుందో తెలియదని, శిక్ష పడకముందే మనిషి శిక్ష అనుభవించడం న్యాయం కాదని, ఇంట్లో తల్లి మంచాన ఉందని చెప్పాడు. వింటున్నంతసేపూ నా ఒళ్లు మండింది. మా చెల్లెలి చెయ్యి విరిగితే ఇదేం మాటలు అనుకున్నాను. కానీ ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. మా నాయన కోసం ఆ రోజు ఎవరైనా అట్లా లేచి మాట్లాడి ఉంటే మా అమ్మ వాళ్ల కాళ్లకు మొక్కేది.

తర్వాత మీ చిన్నవ్వను పిలిచారు. కొంగు భుజం మీదుగా చుట్టుకుని నిలబడింది.

"అమ్మా, వాన్ని జైల్లోనే పెట్టండి అని నేను చెప్పను. వాళ్లమ్మ మంచంలో ఉండేది నిజమే, నేను రోజూ చూస్తాండా. కానీ మా ఇంటికీ వాళ్లింటికీ నడాన వీధే. నేను తలుపు తీస్తే వాడే కనపడతాడు. నీళ్లకు పోతే వాడే. రేపు మీరు పిలిస్తే సాచ్చెం చెప్పల్ల గదమ్మా? పొద్దున లేచి వాని మొగం చూసి, మద్యానం వచ్చి వాని మీద నేనెట్ల చెప్పల్ల? నా ఇంట్లో నేను భయం లేకుండా ఉండల్ల. అంతే నేనడిగేది."

జడ్జి దాన్ని మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక ఒకటే అడిగింది. "వాళ్ల మనుషులు ఎవరైనా వచ్చి మిమ్మల్ని బెదిరించారా?"

"ల్యాదమ్మా. బతిమాలినారు. పెద్దమనుషులు ఎగతాళి చేసినారు. బెదిరించల్యా."

పక్కన సర్కారు వకీలు ఇబ్బందిగా కదిలాడు. బెదిరించారంటే కేసుకు బలం వచ్చేదేమో. మీ చిన్నవ్వ లేనిది చెప్పలేదు.

బెయిలు ఇచ్చారు. ఇద్దరు మనుషులు జామీను నిలబడాలి. ముఖ్యమైన సాక్షులు కోర్టులో చెప్పేదాకా అతను ధర్మవరం ఊళ్లోకి అడుగు పెట్టకూడదు. మీ చిన్నవ్వతో గానీ, చూసినవాళ్లతో గానీ మాట్లాడకూడదు, కబురు పంపకూడదు. ఉన్నచోట స్టేషనుకు పోయి సంతకం పెడుతుండాలి. ఇందులో ఏది తప్పినా మళ్లీ జైలే. కొత్తచెరువులో వాళ్ల బామ్మర్ది ఇల్లుంది, అక్కడ ఉంటానని ఒప్పుకున్నాడు.

అతను జైలు నుంచి బయటికి వచ్చిన రోజు, వీధి చివర అతని స్నేహితులు టపాకాయలు కాల్చారు. ఆ చప్పుడుకు మీ చిన్నవ్వ చేతిలో గ్లాసు జారి పడింది. పక్కింటామె పరుగున వచ్చింది.

"వదినా, వాన్ని వదిలేసినారంట గదా! కేసు కొట్టేసినారంట! టపాకులు కాలుస్తాండారు!"

మీ చిన్నవ్వ మగ్గం వైపు చూసింది. అది ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సగం నేసిన చీర పడుగు, అంటే నిలువు పోగులు, బిగువుగా ఉంటే పోగులు తెగుతాయని, నేనే దాన్ని అడిగి తెలుసుకుని కొంచెం వదులు చేసి పెట్టాను. పోగులన్నీ అట్లాగే ఉన్నాయి, బిగువు మాత్రం తగ్గింది.

"అట్ల చూడు," అంది పక్కింటామెతో. "దాన్ని వదిలేసినామా? తెంచినామా? వదులు చేసినాం, అంతే. మళ్ల బిగించేది ఉండాది. ఆ వీధి చివర కాల్చేటోళ్లకు పోయి చెప్పు, వాన్ని వదిలేయల్యా, వదులు చేసినారని."

"నీకు అన్నీ మగ్గంలోనే కనపడతాయి వదినా," అని పక్కింటామె నవ్వింది. కానీ ఆ మాట మాత్రం వీధంతా చెప్పింది. తర్వాత్తర్వాత ఎవరైనా "వదిలేసినారు గదా" అంటే, పక్కన ఎవరో ఒకరు "వదులు చేసినారంటప్పా" అని సరిదిద్దడం నేనే విన్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అతని తల్లికి జబ్బు ముదిరింది. కళ్లు మూసేలోపు కొడుకును చూడాలని ఒకటే కలవరింత. ఎదురింట్లో ఆమె మూలుగు మాకు వినబడుతూనే ఉండేది. ఒక్క పగలు వచ్చి తల్లిని చూసిపోతానని అతను మళ్లీ కోర్టులో అర్జీ పెట్టాడు. మళ్లీ అదే మహిళా కానిస్టేబులు వచ్చి చెప్పింది.

మీ చిన్నాయన లారీ మీద నుంచి ఫోన్ చేసి అరిచాడు. "ఈ రోజు ఒక పగలంటాడు. రేపు పండగంటాడు. ఎల్లుండి కాపరం పెడతాడు. వద్దని చెప్పు!"

అది ఫోను పక్కన పెట్టి నన్ను అడిగింది. "నువ్వేమంటావ్ అక్కా?"

నేనేమంటాను? భయపడేది అది, నేను కాదు. ఆ మాటే చెప్పాను. "నీ గుండె ఎంత ఓర్చుకుంటాదో నీకే తెలుసు. నువ్వేం చెప్పినా నేను పక్కనుంటా."

"ఆ రోజు మనం రాప్తాడుకు పోదామా?"

"పోదామంటే పోదాం."

ఆ రోజంతా ఆలోచించింది. మర్నాడు పొద్దున ముసలామె మూలుగు వింటూ బియ్యం ఏరుతూ ఉంది. చాట పక్కన పెట్టి లేచింది. "నేనెందుకు పోవల్ల? వాడు రానీ. పగలే రావల్ల. పోలీసామె ఉండల్ల. నన్ను మాత్రం తలుపేసుకోమని ఎవురూ చెప్పగూడదు."

అదే కోర్టులో చెప్పింది. కోర్టు దానికి తగ్గట్టే అనుమతి ఇచ్చింది.

అతను వచ్చిన రోజు వీధిలో ఎవరూ బయట నిలబడలేదు. మీ చిన్నవ్వ తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, గడపకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పిండికట్టు విప్పేశారు గానీ కుడి చేతి వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకునేవి కావు. ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది. నేను ఆనుకుని కూర్చున్నాను.

అతను కానిస్టేబులు వెనకాల వచ్చాడు. చిక్కిపోయాడు. తల దించుకుని సూటిగా వాళ్లింట్లోకి పోయాడు. లోపలి నుంచి ముసలామె ఏడుపు, అతని ఏడుపు కలిసి వినబడ్డాయి. మీ చిన్నవ్వ కళ్లు కూడా తడిశాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పోయేటప్పుడు అతను వీధి మధ్యలో ఆగిపోయాడు. మా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"చిన్నమ్మా…" అన్నాడు.

"మాట్లాడగూడదు. నడువు," అని కానిస్టేబులు గద్దించింది.

మీ చిన్నవ్వ లేచి నిలబడింది. అతనితో కాదు, కానిస్టేబులుతోనే అంది. "ఏం చెప్పుకోవల్లన్నా ఆడ చెప్పుకోమనండి మేడం, జడ్జమ్మ ముందర. నేను గూడా ఆడే చెప్తా."

అతను తల ఊపి నడిచాడు. మలుపు తిరిగేదాకా అది అట్లాగే నిలబడి చూసింది. కేసు ఇంకా నడుస్తోంది. పిలుపు వస్తే పోయి ఉన్నది ఉన్నట్టు చెబుతానంటుంది. అతనికి శిక్ష పడుతుందో లేదో నాకు తెలియదు. ఎంత పడాలి అని అడిగితే మీ చిన్నవ్వ కూడా తనకు తెలియదనే అంటుంది.

అతను వచ్చిపోయిన రోజు రాత్రి అన్నం తిన్నాక నేను చాపలు పరవడానికి లేచాను. మీ చిన్నవ్వ నా చేతిలో చాప తీసుకుంది.

"ఇంగా బస్సులుండాయి అక్కా. నువ్వు రాప్తాడుకు పో."

"ఒక్కదానివే పడుకుంటావా?"

"పడుకుంటా. నిద్ర పడుతాదో ల్యాదో తెలీదు. పడకపోతే మేలుకోనుంటా. నా ఇల్లే గదా."